ముక్కను పట్టి ఉంచేదేది?

ఓవెన్ అక్కర్లేకుండా ఇంట్లో చేసుకునే చాక్లెట్ పీనట్ బటర్ బార్‌కు కొలతలు ఎన్ని రకాలున్నా పద్ధతి ఒక్కటే. పీనట్ బటర్, కరిగించిన వెన్న, చక్కెర పొడి, బిస్కెట్ పొడి కలిపి పళ్లెంలో అదిమి, పైన కరిగించిన చాక్లెట్ పోస్తారు. చివర్లో ఒక మాట తప్పకుండా ఉంటుంది: గంటో రెండు గంటలో ఫ్రిజ్‌లో పెట్టండి. వంటకమంతా ఆ చివరి మాట మీదే నిలబడి ఉంది. పొయ్యికి తప్పించిన పని ఫ్రిజ్ మీద పడింది, అంతే. ఏప్రిల్ మధ్యాహ్నం నిజామాబాద్ కంఠేశ్వర్‌లో ఆ ముక్కను ఫ్రిజ్‌లోంచి తీసి పళ్లెంలో పెట్టి, వచ్చిన చుట్టానికి మంచినీళ్లిచ్చి, యోగక్షేమాలు అడిగేలోపు పైన చాక్లెట్ మెరుపు పోయి వేలికి అంటుకుంటుంది. ఇంకాసేపటికి అడుగు కూడా కుంగుతుంది. రెసిపీ రాసినవాళ్ల తప్పేమీ లేదు. వాళ్లు 20, 22 డిగ్రీల వంటింట్లో నిలబడి రాశారు. మనం మే నెలలో 45 దాటే ఊళ్లో వండుతున్నాం.

కాబట్టి ఈ బార్ మంచిదా, పల్లీ పట్టి మంచిదా అన్న వాదన కన్నా ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. ఓవెన్‌లో కాల్చకుండా చేసిన ముక్క ముక్కలా నిలబడాలంటే లోపల ఏదో ఒకటి గట్టిపడాలి. కొవ్వు గట్టిపడితే ఒక రకం బార్, చక్కెర గట్టిపడితే ఇంకో రకం. రెండూ కాకపోతే జిగురు మీద ఆధారపడాలి. మన ఇళ్లలో చేసేవి, కొనేవి, గల్ఫ్ నుంచి సూట్‌కేసుల్లో వచ్చేవి అన్నీ ఈ మూడింటిలోకే వస్తాయి.

ముందు కొవ్వు సంగతి, ఎందుకంటే చాక్లెట్ బార్ ఆ దారిదే. ఓవెన్ లేకుండా పొరలు పొరలుగా పేర్చే బార్లలో పేరుమోసింది కెనడాలోని బ్రిటిష్ కొలంబియాకు చెందిన నానైమో బార్. అడుగున బిస్కెట్ పొడి, కోకో, కొబ్బరి; మధ్యలో కస్టర్డ్ పొడి కలిపిన వెన్న; పైన చాక్లెట్. దాని తొలి రెసిపీలు 1950ల మొదట్లో అక్కడి మహిళా సంఘాల వంట పుస్తకాల్లో అచ్చయ్యాయి. పల్లీని చాక్లెట్‌తో జతచేసి వ్యాపారంగా నిలబెట్టిన ఘనత మాత్రం అమెరికాలో హెచ్.బి.రీస్‌ది. 1928లో ఆయన పీనట్ బటర్ నింపిన చాక్లెట్ కప్పులు మొదలుపెట్టాడు, 1963లో ఆ కంపెనీని హెర్షీ కొనుక్కుంది. ఈ కథకు తెలుగునేల మీద కూడా చిన్న తోక ఉంది. చిత్తూరులో 1952లో పుట్టి మనందరి చిన్నతనాల్ని తీపి చేసిన న్యూట్రిన్ కంపెనీని 2006లో గోద్రెజ్ తీసుకుంది. మరుసటి ఏడు అదే హెర్షీతో కలిసి ఉమ్మడి సంస్థ పెట్టింది. ఆ పొత్తు 2012లో ముగిసింది. అంతటి అమెరికా కంపెనీ చిత్తూరు దాకా వచ్చినా పల్లీ నింపిన చాక్లెట్ మన కిరాణా కొట్ల డబ్బాల్లోకి ఎక్కలేదు. కారణాలు వ్యాపారంలో ఎన్నైనా ఉండవచ్చు. ఎండ కూడా వాటిలో ఒకటని నా అనుమానం.

చాక్లెట్‌ను గట్టిగా ఉంచేది కోకో వెన్న. ఈ కొవ్వు ఆరు రకాల స్ఫటికాలుగా గడ్డకట్టగలదు. మనకు కావలసింది అయిదో రకం. విరిచినప్పుడు టప్పుమనేది, నిగనిగలాడేది, నోట్లో పెట్టగానే కరిగేది అదే. అది కరిగేది 34 డిగ్రీల దగ్గర, అంటే మన ఒంటి వేడి కంటే కొద్దిగా తక్కువలో. ఆ స్ఫటికమే రావాలంటే నల్ల చాక్లెట్‌ను 45 నుంచి 50 డిగ్రీల దాకా కరిగించి, 27, 28కి చల్లార్చి, మళ్లీ 31, 32కి తేవాలి. దీన్నే టెంపరింగ్ అంటారు. గదే 38 డిగ్రీలున్నప్పుడు 28కి ఎక్కడ చల్లారుస్తాం? ఏసీ గది లేకుండా ఎండాకాలంలో మన దగ్గర టెంపరింగ్ కుదరదు. ఇంట్లో చేసేవాళ్లు ఆ పని మానేసి నేరుగా కరిగించి పోసి ఫ్రిజ్‌లో పెడతారు. తినడానికి ఇబ్బందేమీ లేదు గానీ, రెండు మూడు రోజులకు పైన తెల్లటి పొర వస్తుంది. బూజు పట్టిందని పారేసేవాళ్లున్నారు. అది బూజు కాదు, కొవ్వు పైకి తేలి వేరే స్ఫటికంగా మారడం. పల్లీ బార్లలో ఇది ఇంకా తొందరగా వస్తుంది. కింది పొరలోని పల్లీనూనె మెల్లగా పైకి పాకి చాక్లెట్‌లోకి దిగి, దాన్ని మెత్తబరచి, మెరుపు తీసేస్తుంది. పెద్ద కంపెనీలకు కూడా తలనొప్పి తెచ్చే సంగతి ఇది.

బేకరీ సామాన్ల దుకాణంలో దొరికే కాంపౌండ్ చాక్లెట్ ఈ చిక్కు తప్పించడానికి పుట్టిందే. అందులో కోకో వెన్న బదులు గట్టిపరచిన పామ్ కెర్నెల్ లాంటి నూనెలుంటాయి. టెంపరింగ్ అక్కర్లేదు, ఎండకు కాస్త ఓర్చుకుంటుంది, ధర తక్కువ. రుచి మాత్రం కొవ్వొత్తికి దగ్గరగా ఉంటుంది. నోట్లో పూర్తిగా కరగకుండా అంగిలికి పట్టుకుంటుంది. 2022 జనవరి నుంచి మన దేశంలో ఆహార నూనెల్లో, కొవ్వుల్లో ట్రాన్స్‌ఫ్యాట్ 2 శాతం మించకూడదన్న నిబంధన అమల్లో ఉంది కాబట్టి పాత భయం కొంత తగ్గింది. సంతృప్త కొవ్వు మాత్రం దండిగానే ఉంటుంది. ఇక్కడ ఒక జాగ్రత్త ఎవరూ చెప్పరు. ఖర్చు తగ్గుతుందని అసలు చాక్లెట్‌లో సగం కాంపౌండ్ కలిపేవాళ్లున్నారు. కోకో వెన్న, పామ్ కెర్నెల్ కొవ్వు ఒకదానితో ఒకటి పొసగవు. రెండూ కలిస్తే విడివిడిగా ఉన్నప్పటికంటే మెత్తగా తయారవుతాయి. అదైతే అది, ఇదైతే ఇది. సగం సగం వద్దు.

అసలు చాక్లెట్టే వాడదలచుకుంటే దూరం పోనక్కర్లేదు. మన దేశంలో కోకో పంటలో ముందున్నది ఆంధ్రప్రదేశ్. పశ్చిమ గోదావరి, ఏలూరు జిల్లాల్లో కొబ్బరి, పామాయిల్ తోటల నీడన కోకో చెట్లు పెరుగుతాయి. ఆ గింజలతోనే హైదరాబాద్‌లో మనం చాక్లెట్ లాంటి సంస్థలు చాక్లెట్ చేస్తున్నాయి. బంజారాహిల్స్‌లో 2023లో తెరిచిన వాళ్ల కార్ఖానాలో గింజ నుంచి పలక దాకా జరిగేదంతా అద్దాల వెనక నిలబడి చూడొచ్చు. ధర మాత్రం మధ్యతరగతి పళ్లెంలో పోసుకునేది కాదు. పడమటి ఆఫ్రికాలో పంట దెబ్బతినడంతో 2024 డిసెంబరులో ప్రపంచ మార్కెట్లో టన్ను కోకో 12 వేల డాలర్లు దాటింది. ఆ వేడి చిల్లర ధరలకూ తగిలింది. నిజామాబాద్ ఇళ్లకు మాత్రం చాక్లెట్ మొదట వచ్చింది అటు గోదావరి నుంచి కాదు, ఇటు దుబాయ్ నుంచి. గల్ఫ్‌కు మనుషుల్ని పంపిన జిల్లా ఇది. సెలవుకొచ్చే కొడుకు పెట్టెలో సబ్బులు, సెంటు, టాంగ్ పొడితో పాటు చాక్లెట్ డబ్బా తప్పనిసరి. ఆ డబ్బాను ఫ్రిజ్‌లో దాచి, వచ్చినవాళ్లకు ఒక్కొక్కటి లెక్కపెట్టి పంచిన ఇళ్లకు చాక్లెట్ ఎండకు ఆగదని ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇక పీనట్ బటర్. పల్లీ ముద్దకు పేటెంట్లు తీసుకున్నవాళ్లలో కెనడాకు చెందిన మార్సెలస్ ఎడ్సన్ 1884లో ఒకరు, అమెరికాలోని జాన్ హార్వే కెలాగ్ 1890లలో మరొకరు. నల్లజాతి శాస్త్రవేత్త జార్జ్ వాషింగ్టన్ కార్వర్ కనిపెట్టాడని చాలామంది రాస్తారు, అది నిజం కాదు. పల్లీకి ఆయన చేసిన సేవ వేరు. మనకు పనికొచ్చే మలుపు 1922లో వచ్చింది. జోసెఫ్ రోజ్‌ఫీల్డ్ కొద్దిపాటి గట్టి కొవ్వు కలిపి నూనె పైకి తేలకుండా ఆపే పద్ధతి కనిపెట్టాడు. సీసాలో కొన్న పీనట్ బటర్, ఇంట్లో మిక్సీలో చేసిన పల్లీ ముద్ద చూడ్డానికి ఒకేలా ఉన్నా పళ్లెంలో వేరుగా ప్రవర్తించేది ఇందుకే. పల్లీనూనె ఫ్రిజ్ చలికి కూడా సరిగా గడ్డకట్టదు. ఇంటి ముద్దను పట్టి ఉంచే గట్టి కొవ్వు అందులో లేదు. సీసా సరుకు కోసం రాసిన కొలతతో ఇంటి ముద్ద వాడితే బార్ కారుతుంది. వేసే వెన్న తగ్గించాలి, బిస్కెట్ పొడి పెంచాలి.

మిక్సీలో పల్లీ ముద్ద చేయడం ఓపికకు పరీక్ష. పల్లీలు సన్నమంట మీద, గింజ మధ్య దాకా లేత బంగారు రంగు వచ్చేలా వేయించాలి. పైన నల్లబడి లోపల పచ్చిగా ఉంటే ముద్ద చేదుగానూ, పచ్చివాసనగానూ ఉంటుంది. పొట్టు తీసి, గోరువెచ్చగా ఉండగానే తిప్పాలి. మొదట పొడి అవుతుంది. తర్వాత జార్ అంచులకు అతుక్కుని మొండి ముద్ద అవుతుంది. చాలామంది ఇక్కడే విసిగి రెండు చెంచాల నీళ్లు పోస్తారు. అక్కడితో ఆ పల్లీలు చట్నీకే పనికొస్తాయి. నీటిచుక్క తగిలితే పల్లీ ముద్ద బిగుసుకుపోతుంది, కరిగిన చాక్లెట్ గరుకుగా గడ్డలు కడుతుంది. ఓపిక పట్టి ఆపి ఆపి, అంచులు గీకి, మోటారు చల్లారనిచ్చి తిప్పితే నూనె తనంతట తాను బయటికొచ్చి ముద్ద జారుగా మారుతుంది. పల్లీలో సగానికి దగ్గరగా నూనే ఉంటుంది, బయటి నుంచి పొయ్యాల్సిన పనిలేదు.

నీళ్లు లేకపోవడమే పల్లీ ముద్ద బలం కూడా. 1996లో ఫ్రాన్స్‌లో ఆంద్రే బ్రియాండ్, మిషెల్ లెస్కాన్ తయారుచేసిన ప్లంపీనట్ ఈ సూత్రం మీదే నడుస్తుంది. పల్లీ ముద్ద, పాలపొడి, చక్కెర, నూనె, విటమిన్లు కలిపి పొట్లాల్లో నింపుతారు. నీళ్లు లేవు గనక సూక్ష్మజీవులు పెరగవు, ఫ్రిజ్ అక్కర్లేదు, వండక్కర్లేదు. తీవ్ర పోషకాహార లోపంతో ఉన్న లక్షలాది ఆఫ్రికా పిల్లల్ని ఆ పొట్లాలు కాపాడాయి. ముక్కగా నిలబడాలన్న పట్టుదల వదిలేస్తే పల్లీ ఎంత ఎండకైనా ఆగుతుందన్నమాట.

పల్లీలు ఏరుకోవడంలో పిసినారితనం పనికిరాదు. ముడుచుకున్నవి, రంగు మారినవి, నల్లమచ్చ పడ్డవి పక్కన పెట్టాలి. ఆస్పర్‌జిల్లస్ అనే బూజు వల్ల పల్లీలో చేరే అఫ్లాటాక్సిన్ కాలేయానికి చేటు, వేయిస్తే పూర్తిగా పోదు. పట్టిలో చెడ్డ గింజ ఒకటి నోటికి తగిలితే ఉమ్మేస్తాం. ముద్దగా తిప్పాక అది ఎక్కడుందో కనబడదు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో ఈ విషం మీదా, పల్లీ వంగడాల మీదా దశాబ్దాలుగా పని జరుగుతోంది. జునాగఢ్ పరిశోధన కేంద్రంతో కలిసి వాళ్లు తెచ్చిన గిర్నార్ 4, గిర్నార్ 5 రకాల్లో ఓలియిక్ ఆమ్లం 80 శాతం దాకా ఉంటుంది. అలాంటి పల్లీతో చేసిన సరుకు ముక్కవాసన రాకుండా ఎక్కువ రోజులు నిలుస్తుంది. పీనట్ బటర్‌కు కావలసింది అలాంటి పల్లీయే. మన గంజ్ బజారులో కొనేటప్పుడు ఏ రకమో అడిగితే దుకాణదారు మొహం అదోలా పెడతాడు, అది వేరే సంగతి.

ఇప్పుడు చక్కెర దారి. ఈ సంగతిలో ఇందూరుకు, అంటే నిజామాబాద్ ప్రాంతానికి, ఎవరూ కొత్తగా నేర్పాల్సింది లేదు. మంజీర మీద నిజాంసాగర్ కట్టడం 1931కి పూర్తయింది. నీళ్లతో చెరకు వచ్చింది. చెరకు కోసం 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. దాని చుట్టూ శక్కర్‌నగర్ అనే ఊరే లేచింది. ఆసియాలో పెద్ద చక్కెర కర్మాగారాల్లో ఒకటిగా చెప్పుకున్న ఆ ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు చేతుల్లోకి వెళ్లి, 2015 డిసెంబరులో మూతపడింది. తెరిపించేందుకు 2024లో ప్రభుత్వం కమిటీ వేసింది. ఈలోపు చాలా పొలాలు వరికి మారిపోయాయి. రుద్రూర్‌లో చెరకు, వరి పరిశోధన కేంద్రం ఇంకా ఉంది, పక్కనే వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి ఆహార సాంకేతిక కళాశాల కూడా ఉంది. కామారెడ్డి వైపు బెల్లం వ్యాపారానికి పాత పేరుంది. ఇంత తీపి చరిత్ర ఉన్న చోట పాకం తెలియని ఇల్లుంటుందా?

పాకాన్ని మన ఆడవాళ్లు థర్మామీటర్‌తో చూడరు, పళ్లెంలో నీళ్లు పోసి చూస్తారు. నీళ్లలో వేసిన చుక్క వేళ్ల మధ్య ఉండలా చుట్టుకుంటే ఉండపాకం, లెక్క ప్రకారం 112 నుంచి 116 డిగ్రీలు. నీళ్లలో వేసి తీసి పళ్లెం అంచుకు కొడితే టంగుమని మోగి విరిగితే ముదురుపాకం, 145 పైమాటే. అప్పటికి పాకంలో నీరు ఒకటి రెండు శాతానికి మించి మిగలదు. అలా చల్లారిన బెల్లం స్ఫటికంగా మారదు, గాజులా బిగుసుకుంటుంది. పల్లీ పట్టి విరిగేటప్పుడు వచ్చే చప్పుడు ఆ గాజుది. ఈ గాజుకు 45 డిగ్రీల ఎండ ఒక లెక్క కాదు. బస్టాండులో, జాతరలో, బడి ముందు తోపుడు బండి మీద పగలంతా ఎండలో ఉన్నా పట్టి పట్టిలాగే ఉంటుంది. దాని శత్రువు ఎండ కాదు, తేమ. బెల్లంలో చక్కెరతో పాటు పదో పదిహేనో శాతం గ్లూకోజ్, ఫ్రక్టోజ్ ఉంటాయి. అవి గాలిలో తడిని పీల్చుకుంటాయి. జూలై ముసురులో డబ్బా మూత సరిగా పెట్టకపోతే రెండో రోజుకే పట్టి పళ్లకు అతుక్కుంటుంది.

పల్లీ పట్టి ఒక్క మన ఊరి సొత్తు కాదు. లోనావాలా చిక్కీకి రైలు ప్రయాణికులు పేరు తెచ్చారు. తమిళనాడులోని కోవిల్‌పట్టి కడలై మిఠాయికి 2020లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరి నుంచి బడి మధ్యాహ్న భోజనంలో పల్లీ చిక్కీ చేర్చారు. ఏ సర్కారైనా పిల్లలకు చాక్లెట్ బార్ పంచుదామనుకుంటే ముందు ప్రతి బడికీ ఫ్రిజ్ కొనాలి. చిక్కీకి అట్టపెట్టె చాలు.

అయితే పట్టి, చాక్లెట్ పల్లీ బార్ ఒక జాతివి కావు. బార్ మెత్తగా కొరకాలి, నోట్లో జారాలి. పట్టి నమలాలి. బార్‌కు అసలు చుట్టం మన దగ్గర వేరే ఉంది. సద్దుల బతుకమ్మ నాటి సత్తులు. నువ్వులు, పల్లీలు, పెసలు విడివిడిగా వేయించి, పొడి చేసి, చక్కెరో బెల్లమో కలిపి, చారెడు నెయ్యి వేసి పంచుతారు. చెరువు దగ్గర గౌరమ్మను సాగనంపాక అరచేతిలో పెట్టే ఆ పల్లీల సత్తును గట్టిగా పిడికిట పట్టి చూడండి. నూనె విడిచి ముద్ద అవుతుంది. పీనట్ బటర్ బార్ అడుగు పొర అచ్చంగా అదే. అమెరికా వంటింట్లో అది బిస్కెట్ పొడి, వెన్న తోడు చేసుకుని పళ్లెంలోకి ఎక్కింది, మన దగ్గర పిడికిట్లో ఆగింది. బతుకమ్మ సెప్టెంబరు, అక్టోబరు పండుగ కావడం కూడా దానికి కలిసొచ్చింది. నెయ్యి పేరుకునే రోజులు మొదలయ్యేది అప్పుడే.

పట్టికీ సత్తుకూ నడుమ నిలిచేది పల్లీ బర్ఫీ. కొందరు పల్లీ కత్లీ అంటారు. జీడిపప్పు ధర చూసి భయపడ్డ ఇల్లాళ్లు పల్లీతో కట్టిన కాజూ కత్లీ అది. తీగపాకంలో పల్లీపొడి వేసి దగ్గరపడేదాకా కలిపి, నెయ్యి రాసిన పళ్లెంలో వత్తి కోస్తారు. ఇందులో ముక్కను పట్టి ఉంచేది సన్నటి చక్కెర స్ఫటికాలు. అవి ఎండకు కరగవు. పట్టిలా బండగా ఉండదు, బార్‌లా కారిపోదు. ఇక్కడ చక్కెర బదులు బెల్లం వేస్తే మంచిదనుకుని వేస్తే కుదరదు. బెల్లంలోని గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లు చక్కెరను స్ఫటికం కానివ్వవు, బర్ఫీ సాగుతుంది. పట్టికి బెల్లం, బర్ఫీకి చక్కెర. పాతవాళ్లు ఊరికే అలా విడదీయలేదు.

జిగురు దారి గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. గింజ తీసిన ఖర్జూరం, కండెన్స్‌డ్ మిల్క్, తేనె. ఖర్జూరం మంచి జిగురే, గల్ఫ్ ఇళ్లలో కొరత కూడా లేదు. కానీ ఖర్జూరం, పల్లీ కలిపి అదిమితే ఖర్జూరం రుచే వస్తుంది. తేనె పోసిన పల్లీ ముద్ద మొదట బిగుసుకుని, తర్వాత సాగుతుంది. కండెన్స్‌డ్ మిల్క్‌తో చేసింది పాలకోవాకు దగ్గర, పల్లీకి దూరం.

ఇక అందరూ అడిగే ప్రశ్న, ఏది ఒంటికి మంచిది? బార్ చెత్త తిండి, పట్టి బలమైన తిండి అని అనుకోవడం అలవాటైపోయింది. పీనట్ బటర్ సీసా మీద కండల వీరుడి బొమ్మ ఉంటే అదీ బలమే అనుకునేవాళ్లు ఇప్పుడు జిమ్ముల పుణ్యమా అని ఎక్కువయ్యారు. లెక్క వేసి చూద్దాం. 200 గ్రాముల పల్లీ ముద్ద, 100 గ్రాముల చక్కెర పొడి, 100 గ్రాముల మారీ బిస్కెట్ పొడి, 50 గ్రాముల నెయ్యి, పైన 150 గ్రాముల చాక్లెట్. మొత్తం 600 గ్రాములు, 16 ముక్కలు. ఒక్కో ముక్క 37 గ్రాములు, దాదాపు 200 కేలరీలు, అందులో తీపి సుమారు 12 గ్రాములు. 100 గ్రాముల పల్లీకి 70 గ్రాముల బెల్లం చొప్పున చేసిన పట్టి అదే 37 గ్రాములు తింటే 180 కేలరీలు, తీపి 15 గ్రాములు. కేలరీల్లో తేడా కొద్దిపాటిదే, తీపి పట్టిలోనే ఎక్కువ. రోజుకు చక్కెర 50 గ్రాములు దాటవద్దని, వీలైతే 25కు తగ్గించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ లెక్కలో బెల్లం కూడా చక్కెరే. బెల్లంలో ఉండే కొద్దిపాటి ఇనుము, పొటాషియం చూపించి రెండో ముక్క తీసుకోవడం మనల్ని మనం మోసం చేసుకోవడమే.

పట్టికి ఉన్న అసలు మేలు రెండు. బార్‌లో కొవ్వులో సగం దాకా నెయ్యి, చాక్లెట్, బిస్కెట్లది, అంటే ఎక్కువగా సంతృప్త కొవ్వు. పట్టిలో ఉన్నది పల్లీ కొవ్వు ఒక్కటే. రెండోది, పట్టి నమిలి తినాలి. ఒక ముక్క అయ్యేసరికి దవడ అలిసిపోతుంది. బార్ జారిపోతుంది, మూడు ముక్కలయ్యాక గానీ తెలియదు. పళ్లు ఊడిన తాతలకూ, పాలపళ్ల పిల్లలకూ మాత్రం ఇదే లెక్క తిరగబడుతుంది. వాళ్లకు మెత్తనిదే నయం.

ఇన్నీ చూశాక నా ఓటు ఎటు అంటే, బార్ వదులుకోనక్కర్లేదు. దాని అడుగు మార్చాలి. కొవ్వు మీద నిలబడ్డ అడుగు పొరను తీసేసి చక్కెర మీద నిలబడ్డ పల్లీ బర్ఫీని పెట్టాలి. కోకో రుచిని పై పొరకు వదిలేయకుండా పొడి రూపంలో అడుగులోకే దించాలి. కోకో పొడిలో కొవ్వు చాలామటుకు పిండేసి ఉంటుంది గనక అది కరగదు, కారదు. పైన చాక్లెట్ పల్చగా, పేరుకు మాత్రమే ఉండాలి.

పావుకిలో పల్లీలు వేయించి, పొట్టు తీసి, పూర్తిగా చల్లారాక మెత్తగా పొడి చేసి జల్లించాలి. వేడిమీద తిప్పితే నూనె విడుస్తుంది, ఇక్కడ మనకు పొడే కావాలి. రెండు చెంచాల కోకో పొడి అందులో కలిపి ఉంచాలి. అడుగు మందంగా ఉన్న గిన్నెలో 150 గ్రాముల చక్కెర మునిగేంత నీళ్లతో తీగపాకం పట్టాలి. వేళ్ల మధ్య ఒక్క తీగ సాగగానే మంట తగ్గించి పొడి వేసి ఆపకుండా కలపాలి. గిన్నెను విడిచి ముద్ద ఒక్క చోటికి చేరినప్పుడు ఒక చెంచా నెయ్యి వేసి దించాలి. పాకం ముదిరితే పొడి పొడిగా రాలుతుంది, లేతగా ఉంటే గట్టిపడదు. రాలితే చెంచాడు వేడిపాలు చిలకరించి మళ్లీ పొయ్యి మీద పెట్టొచ్చు, కాకపోతే ఆ ముక్కలు రెండు మూడు రోజుల్లో తినెయ్యాలి. నెయ్యి రాసిన పళ్లెంలో అరంగుళం మందాన వత్తి పూర్తిగా చల్లారనివ్వాలి. వేడి అడుగు మీద చాక్లెట్ పోస్తే నూనె, చాక్లెట్ కలగలిసిపోతాయి.

100 గ్రాముల చాక్లెట్ సన్నగా తరిగి, గిన్నెను వేడినీళ్ల మీద పెట్టి కరిగించాలి. పై గిన్నె కింది గిన్నె కంటే వెడల్పుగా ఉండాలి, ఆవిరి చుక్క లోపల పడకూడదు. చాలా రెసిపీలు ఇక్కడ ఒక చెంచా కొబ్బరినూనె వెయ్యమంటాయి, కోసేటప్పుడు పగలదని. చలిదేశంలో మంచి సలహా. కొబ్బరినూనె 24 డిగ్రీలకే కరుగుతుంది, మన దగ్గర అది చాక్లెట్‌ను ఇంకా మెత్తబరుస్తుంది. వద్దు. పగులుతుందని భయమైతే చాక్లెట్ పూర్తిగా బిగియకముందే, చాకును వేడినీళ్లలో ముంచి పొడిగా తుడిచి, గాట్లు పెట్టుకుంటే చాలు.

కాలాన్ని బట్టి కూడా వండాలి. సంక్రాంతికీ, కంఠేశ్వరాలయంలో రథసప్తమికీ నడుమ చలి ఉన్న రోజుల్లో అసలు అమెరికా పద్ధతిలోనే బార్ చేసుకోవచ్చు, టెంపరింగ్ కూడా తెల్లవారుజామున వంటింట్లో కుదురుతుంది. మార్చి వచ్చాక బర్ఫీ అడుగు. ఏప్రిల్, మే నెలల్లో పై చాక్లెట్ మానేసి కోకో బర్ఫీగానే కోసి పెట్టండి, ఎవరూ తక్కువ చేయరు. వానాకాలంలో ఏది చేసినా బిగువు మూత డబ్బా తప్పదు. ఫ్రిజ్‌లోంచి తీసిన డబ్బా మూతను వెంటనే తెరవకూడదు. గాలిలో తడి చల్లటి ముక్క మీద చెమటలా పట్టి చాక్లెట్ మీద చక్కెర మచ్చలు తేలుతాయి. డబ్బా బయటి వేడికి వచ్చేదాకా ఒక పావుగంట ఆగాలి.

అమెరికాలో ఉన్న మన పిల్లలకు ఈ ముక్కలు పార్శిల్ కట్టేవాళ్లు ఒకటి కనుక్కోవాలి. అక్కడ చాలా బడుల్లో పల్లీ వాసనే పనికిరాదు. తరగతిలో ఒక్క పిల్లవాడికి పల్లీ ఎలర్జీ ఉన్నా టిఫిన్ డబ్బాలో పల్లీ పెట్టనివ్వరు. మన దగ్గర ఆ ఎలర్జీ తక్కువగా కనిపిస్తుందే గానీ అసలు లేకపోలేదు. బడి పండుగకు ఇరవైమంది పిల్లలకు పంచేటప్పుడు ఇందులో పల్లీలున్నాయని ముందే చెప్పెయ్యాలి. పైన కోకో రంగుంటే లోపల ఏముందో చూసి తెలుసుకునే దారి లేదు.